నేను అప్పటికే మస్కట్‌లో ఉన్నాను

మస్కట్‌లో పని చేయడానికి పర్మిట్ కావాలంటే ముందు హైదరాబాద్ పోయి వేలిముద్రలు ఇచ్చి, అసలు కాగితాలు చూపించి రావాలి. బాన్సువాడ వైపు నుంచి ఈ పని మీద పోయేవాళ్లు చాలామందే ఉంటారు. అందుకని నేను పోయి వచ్చిన ఒక్క రోజు ప్రయాణం వరసగా రాస్తున్నాను. బస్సు టైములైతే తప్పకుండా పనికొస్తాయి. మిగతాది పనికొస్తుందో లేదో నాకు తెలియదు.

నా పేరు శంకర్. బీర్కూర్ దారిలో మా తండా. సీజన్‌లో వరి కోసే హార్వెస్టర్ నడుపుతాను, మిగతా రోజుల్లో మట్టి తవ్వే పొక్లెయిన్ నడుపుతాను. రెండూ వేరేవాళ్లవే. మా పెద్దన్న మోతీలాల్ పదకొండేళ్లుగా మస్కట్‌లో ఉన్నాడు. నాకూ అక్కడి కంపెనీ ఒకటి పొక్లెయిన్ ఆపరేటర్‌గా ఆర్డర్ పంపింది. ముప్పై అయిదు దాటితే తీసుకోరట, నాకు ముప్పై నాలుగు నడుస్తున్నాయి. అంటే ఈసారి కాకపోతే ఇక ఎప్పుడూ లేదు. మూడేళ్లు ఒళ్లు వంచితే సొంతంగా ఒక పాత హార్వెస్టర్ కొనుక్కోవచ్చు, ఒకరి బండి మీద కూలోడిగా ముసలివాణ్ణి కాకుండా ఉండొచ్చు. నా ఆశ అంతే.

ఈ సంగతి చెబితే అన్న ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఫోన్‌లో ఒక్కటే మాట, "మస్కట్ రాకు తమ్మీ, దుబాయ్ చూసుకో." ఎందుకంటే చెప్పడు. తమ్ముడు పైకొస్తుంటే ఓర్వలేక పోతున్నాడని నా భార్య ముందు వాణ్ణి నానా మాటలన్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు మా తండా నుంచి ఆటో. బయల్దేరేముందు యాడి (మా లంబాడీ భాషలో అమ్మను యాడి అంటాం) చీర కొంగు దోపుకుని, జొన్నరొట్టెల మూట చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"నేను గూడ వస్త" అంది.

"నీకెందుకే? నీకేమన్న మస్కట్‌ల నౌకరి ఇస్తరా?"

"హైదరాబాద్ చూడలే నేను. ఆడోళ్లకు బస్సు ఎట్ల గూడ ఫ్రీయే గదా."

పండగ పూట కూడా తండా దాటని మనిషికి హైదరాబాద్ మీద అంత మోజెప్పుడు పుట్టిందా అని నవ్వుకున్నాను. సరే రమ్మన్నాను.

అయిదుంబావుకు బాన్సువాడ బస్టాండ్‌లో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్. ఎల్లారెడ్డి, మెదక్, నర్సాపూర్ మీదుగా పోతుంది. పొద్దున్నే అయితే సీట్లు దొరుకుతాయి. ఎడమవైపు కూర్చోకండి, మెదక్ దాటాక ఎండ నేరుగా మొహం మీదికి వస్తుంది. నాకు టికెట్ రెండు వందల చిల్లర, యాడికి జీరో టికెట్. కండక్టరమ్మ "ఆధార్ చూపియ్యవ్వా" అంటే యాడి రవికెలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆధార్‌తో పాటు మా నాన్న ఫొటో, ఓటరు కార్డు, ఎప్పటిదో రేషన్ చీటీ ఉన్నాయి. ఆ ఒక్క కార్డు తీసి మళ్లీ దాచుకునేసరికి బస్సు ఊరు దాటింది.

మా వెనక సీట్లో కోటగిరి ఊరి పెద్దాయన కూర్చున్నాడు. ఆరేళ్లు మస్కట్‌లో చేసి వచ్చాడట. నేను పోతున్నానని తెలిసి సలహాలు మొదలుపెట్టాడు.

"పోయిన కొత్తల గా ఎండకు నెల రోజులు నిద్ర పట్టది. అలవాటైనంక ఇంటికొస్తె ఇక్కడ నిద్ర పట్టది. గంతే బిడ్డా, రెండు దిక్కుల నిద్ర ఖరాబ్."

"కాగితాలు గట్టిగ చూస్తరా బాపూ?" అని అడిగింది యాడి, ఉన్నట్టుండి.

"అరె, ఇప్పుడు అంత కంప్యూటర్లే గదా అవ్వా. వేలు పెడ్తె పుట్టు పూర్వోత్తరాలు చెప్తది."

మెదక్‌లో బస్సు పది నిమిషాలు ఆగుతుంది, టీ బాగుంటుంది. యాడి తనకు వద్దంది. నర్సాపూర్ అడవిలో కోతులు రోడ్డు పక్కన వరసగా కూర్చుని ఉంటే, మామూలుగా అయితే చిన్నపిల్లలా చూసే మనిషి కిటికీ వైపు తల కూడా తిప్పలేదు. బాలానగర్ వచ్చేలోపు రెండుసార్లు నన్ను అడిగింది, "ఆఫీసుల ఫొటో గూడ చూస్తరా?" అని. పట్నం అంటే బెరుకు అనుకున్నాను.

తొమ్మిది ముప్పావుకు బాలానగర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో అమీర్‌పేట. ఆఫీసు పేరు రాయను, మీకు ఆర్డర్ పంపినవాళ్లే అడ్రస్ ఇస్తారు. మూడో అంతస్తు. లిఫ్ట్ దగ్గర లైను పెద్దగా ఉంటే మెట్లెక్కండి, తొందరగా పోతారు. లోపల ఏసీ, నీలం కుర్చీలు, టోకెన్ మిషన్. నా టోకెన్ నలభై ఒకటి. పదకొండుంబావుకు పిలిచారు.

నాలుగో కౌంటర్‌లో ఉన్నామె కళ్లద్దాలు పెట్టుకున్న చిన్న వయసు మనిషి. మర్యాదగా మాట్లాడింది. పాస్‌పోర్టు తీసుకుంది, పదో తరగతి మెమో తీసుకుంది, నా పేరు, మా నాన్న పేరు, పుట్టిన తేదీ కొట్టింది. కొట్టి ఆగింది. మళ్లీ కొట్టింది. పక్క కౌంటర్ ఆయన్ని పిలిచి స్క్రీన్ చూపించింది.

"సార్, మీ పర్మిట్ దరఖాస్తు ముందుకు పోవడం లేదు" అంది.

"ఎందుకు మేడమ్?"

"మీరు ఇప్పటికే మస్కట్‌లో ఉన్నారు."

నాకు నవ్వొచ్చింది. "మేడమ్, నేను మీ ముందట ఉన్న."

"అది కనిపిస్తోంది సార్. కానీ ఇదే పేరు, ఇదే తండ్రి పేరు, ఇదే తేదీ, ఇదే ఊరు. పదకొండేళ్ల నుంచి అక్కడ పర్మిట్ నడుస్తోంది. ఇంకో పాస్‌పోర్టు మీద. ఎప్పుడో వేలిముద్రలు లేని రోజుల్లో తీసుకున్నది." అని ఆమె స్క్రీన్‌ను మా వైపు తిప్పింది. "ఈయన ఎవరో తెలుసా?"

నేను చూశాను. చూసి కూడా నా బుర్రలోకి ఎక్కలేదు. ఆలోపే నా పక్క నుంచి యాడి ముందుకు వంగింది. ఫోన్‌లో బొటనవేలంత కనబడే ముఖం ఆ స్క్రీన్ మీద పళ్లెమంత ఉంది.

"మా మోతీ! అయ్యో, ఎంత చిక్కిండు" అంది.

అని, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఎక్కింది నాకు. ఫొటోలో మా అన్న, కింద నా పేరు. రాథోడ్ శంకర్. నా పుట్టిన తేదీ. నా చేతులు బల్ల మీద ఉన్నాయని తెలుస్తోంది కానీ అవి నావేనా అనిపించింది.

కౌంటర్ అమ్మాయి మా ఇద్దరినీ చూసింది. గొంతు తగ్గించింది. "అమ్మ ఏమన్నారో నేను వినలేదు సార్. మీరు రాసిచ్చిందే నాకు లెక్క. రెండే దారులు. మీ వివరాలు ఎవరో వాడుకుంటున్నారని ఈ కాగితం మీద సంతకం చేసి ఇస్తే మీ ఫైలు కదులుతుంది. అక్కడ ఆయన్ని పట్టుకుంటారు, అది వేరే సంగతి. లేదంటే మీ దరఖాస్తు మూసేస్తాం. శుక్రవారం దాకా టైముంది."

ఇంగ్లీషులో అచ్చు వేసిన ఒక కాగితం ఇచ్చింది. పైన మా అన్న ఫొటో ప్రింటు తీసి ఉంది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. రోడ్డు మీదికి వచ్చాక, వేలమంది పోతుండగా, మా తండా భాషలో గట్టిగా అరిచాను. "నీకు తెలుసా? నీకు ముందుగాలనే తెలుసా?" అని. యాడి "గట్టిగ అనకు, అందరు చూస్తుండ్రు" అంది. ఆ మాటతో తెలిసిపోయింది. తెల్లవారుజామున వాకిట్లో నిలబడింది హైదరాబాద్ చూడ్డానికి కాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనైతే ఆ దొంగను పక్కన కూర్చోబెట్టుకుని, కిటికీ సీటిచ్చి తీసుకొచ్చాను.

ఒకటిన్నరకు, టీ బండి పక్కన నిలబడి అన్నకు ఫోన్ చేశాను. అన్న ఎత్తలేదు, రూంలో ఉండే ఎవరో ఎత్తారు. మన జగిత్యాల వైపు యాస.

"శంకరన్న తానం చేస్తుండు. మీరెవరు?"

బతుకులో మొదటిసారి, ఎవరు నువ్వంటే ఏం చెప్పాలో తెలియలేదు. వాడి అన్నం గిన్నె మీద, హెల్మెట్ మీద, జీతం చీటీ మీద, అన్నిచోట్లా నా పేరే ఉంటుంది కదా అనిపించింది.

"తమ్మున్ని" అన్నాను చివరికి.

అన్న వచ్చాడు. "హలో" అన్నాడు.

"అన్నా, నీ పేరేంది?"

వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

"తెలిసిందా తమ్మీ" అన్నాడు.

ఆ తర్వాత వాడు చెప్పింది ఇంతే. అప్పట్లో పది పాసైనవాళ్లకు సులువుగా పోయే పాస్‌పోర్టు ఇచ్చేవాళ్లు, చదవనివాళ్లకు నూటొక్క కాగితాలు, నూటొక్క ముద్రలు. వాడు ఏడో తరగతితో ఆపేశాడు. ఏజెంటు "ఇంట్ల ఎవరిదన్న పది మెమో ఉందా" అన్నాడు. ఉంది. నాది. ఫొటో వాడిది, మిగతాదంతా నాది పెట్టారు.

నేను తిట్టాను. అన్నను ఎన్నడూ అనని మాటలన్నాను. టీ బండి ఆయన స్టవ్ తగ్గించి నన్నే చూస్తున్నాడు. వాడు ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు.

"నువ్వు రాసిస్తె నన్ను పట్టుకపోతరు. రాయకుంటె నువ్వు ఆగిపోతవ్. నేనేమంట తమ్మీ? అననీకి నాకు నోరున్నదా? నీకెట్ల అనిపిస్తె అట్ల చెయ్" అన్నాడు.

"మస్కట్ రాకు అన్నవ్, గిది చెప్పలేక పోయినవా?"

"సిగ్గయింది" అన్నాడు.

కాల్ తెగిపోయిందో, వాడే పెట్టేశాడో తెలియదు. ఇక్కడ భోజనం గురించి రాయాలి కానీ, మేము ఎక్కడా తినలేదు. రొట్టెల మూట అలాగే ఉంది.

రెండు ముప్పావుకు బాలానగర్‌లో బాన్సువాడ బస్సు దొరికింది. తిరుగు బస్సు రద్దీగా ఉంటుంది, జూబ్లీ బస్టాండ్ దాకా పోయి ఎక్కితేనే సీటు. మాకు వెనకాల చివరి వరసలో ఇరుకుగా దొరికింది. నర్సాపూర్ దాకా నేను యాడి వైపు చూడలేదు. చివరికి తనే మొదలుపెట్టింది, అడగకుండానే.

"వాడు ఏడుల ఆపిండు. ఎందుకాపిండు, ఎర్కనా నీకు?"

నాకు తెలుసు. మా నాన్నకు నడుము పడిపోతే చెరుకు కొట్టే గుంపులో ఒక మనిషి తక్కువైంది. గుంపులో ఇద్దరిద్దరు జోడీగా ఉంటేనే పని ఇస్తారు. పదమూడేళ్ల వాడు కత్తి పట్టుకుని పోయాడు. నేను బాన్సువాడ హాస్టల్‌లో ఉండి చదివాను.

"తెలుసు. అయితే ఏంది? దానికి నా పేరు ఎత్కపోతడా?"

"పేరు ఎత్కపోవుడేంది రా? ఇంట్ల ఒక్క జత ఎడ్లుంటె పెద్దోడు ఒకరోజు కట్టుకుంటడు, చిన్నోడు ఒకరోజు కట్టుకుంటడు. మెమో గూడ గంతే అనుకున్న. నువ్వు హార్వెస్టర్ మీద ఉంటివి, గా కాయిదం సందుగుల ఊకెనే ఉండె. నువ్వు చదివినవ్, వాడు చదివిపిచ్చిండు. సార్లు మెమోల ఒక్క పేరే రాస్తరాయె. రెండు పేర్లు రాయమంటె రాస్తరా?"

ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. తప్పు చేశానని కూడా అనుకోవడం లేదు. ఎద్దులను పంచినట్టు నా చదువును పంచిపెట్టింది, నాకు చెప్పాలని కూడా తోచలేదు ఆమెకు.

"మరి ఎందుకు దాచినవ్?"

"ఇప్పుడు నువ్వు గూడ గక్కడికే పోతనంటివి గదా. ఒక్క జత రెండు చేన్లల్ల ఎట్ల కడ్తరు? అప్పుడు భయమయింది."

ముందు సీట్లో కూర్చున్న ఎల్లారెడ్డి ఊరాయన ఇదంతా వింటున్నట్టున్నాడు, వెనక్కి తిరిగాడు. "ఫికర్ చెయ్యకు అన్నా. మా బావ గూడ మా చిన్నాయన మెమో మీద సౌదీ పోయిండు. ఇప్పుడు చిన్నాయనకు పింఛన్ అడిగితే, నువ్వు సౌదీల ఉన్నవ్ అంటుండ్రు" అని నవ్వాడు. ఆయన పక్కనున్నామె కూడా నవ్వింది. "మా దిక్కు గూడ గంతే" అంది. ఆ బస్సులో ఆశ్చర్యపోయినవాణ్ణి నేనొక్కణ్ణే.

మెదక్ దాటాక ఎండ తగ్గింది. యాడి నా చొక్కా జేబు వైపు చూసింది. "గా కాయిదంల ఏం రాసిండ్రు? చదువు, వింట" అంది.

కోపం ఇంకా అలాగే ఉంది నాకు. వినాలి, వినాల్సిందే అనుకున్నాను. కాగితం విప్పి, ఇంగ్లీషు ముక్క చదువుతూ, మా భాషలోకి మారుస్తూ చెప్పాను. నేను ఫలానా. నా తండ్రి ఫలానా. నా ఊరు ఫలానా. పై ఫొటోలో ఉన్న మనిషి నా అనుమతి లేకుండా నా పేరు వాడుతున్నాడు. అక్కడిదాకా బాగానే వచ్చింది. తర్వాతి లైన్ దగ్గర ఆగిపోయాను.

"ఆగినవేంది?"

"వాడు నాకు ఏం కాడు అని ఉంది" అన్నాను. "నాకు, గీ ఫొటోల మనిషికి ఏ సంబంధం లేదు అని రాసి ఉంది, యాడీ."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఏడవలేదు, తిట్టలేదు. అన్న ఫొటో మీద వేలు పెట్టి కాసేపు చూసింది. అప్పుడు ఏదో లెక్క చూసుకుంటున్నట్టు, మామూలు గొంతుతో అడిగింది.

"అయితే నేను గూడ ముద్ర ఏయాల్నా?"

"నువ్వెందుకు?"

"ఇద్దర్ని కన్నది నేను గదా. సంబంధం లేదని నన్ను అడుగకుండ ఎట్ల రాసుకుంటరు వాళ్లు? ఎక్కడ ఏయాలె చెప్పు, ఏస్త. నీ పని ఆగొద్దు."

అని కుడిచేతి బొటనవేలు కొంగుకు తుడుచుకుంది.

ఆమె ఊరికే అనలేదు, నన్ను లొంగదీయడానికి అనలేదు. నిజంగానే వేసేది. బస్సులోనే సిరా ఇస్తే అక్కడే వేసేది. పదకొండేళ్ల కింద ఒక కొడుకు కోసం కాగితం తీసి ఇచ్చినట్టే, ఇప్పుడు ఇంకో కొడుకు కోసం వేలు చాపింది. పొద్దున్నుంచి తగిలిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఆ తుడుచుకున్న వేలు ఒక ఎత్తు.

"అక్కర్లేదు యాడీ" అన్నాను. "నేను గూడ సంతకం పెడ్తలేను."

ఏడుంబావుకు బాన్సువాడలో దిగాం. బస్టాండ్ బయట బీర్కూర్ వైపు షేర్ ఆటోలు ఎనిమిదిన్నర దాకా ఉంటాయి, తొందరపడక్కర్లేదు. ఆటోలో యాడి మూట విప్పి, ఎండిపోయిన జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. తిన్నాను. అన్న మీద నా కోపం పోలేదు, పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చే కోతలకు మళ్లీ ఒకరి హార్వెస్టరే ఎక్కాలి, ఆ తర్వాతి ఏడాదీ అంతే. మస్కట్ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు తెలియదు. నా పేరు మాత్రం అక్కడ పదకొండేళ్లుగా మట్టి మోస్తోంది, ఇంకా మోస్తుంది. ఇంట్లో దాన్ని ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను ఆపలేదు.